ప్లాన్ చదవడం బడిలోనే నేర్పుదాం

(పాలమూరు ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదో తరగతి పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల ముందు ఒక సివిల్ ఇంజనీరు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. హెచ్‌ఎం సార్ ఫోన్ చేసి పదో తరగతి పిల్లలకు కెరీర్ గురించి నాలుగు మాటలు చెప్పాలి, రండి అన్నారు. ఏం చెప్పమంటారు సార్ అని అడిగితే, మీ పని గురించే చెప్పండి, ఈ ఊళ్లో సగం ఇళ్లకు అన్నం పెట్టే పని అదే కదా అన్నారు. అందుకని ఈరోజు ఇల్లు కట్టే పని గురించి తప్ప వేరే ఏదీ మాట్లాడను.

ముందు పెద్దవాళ్లను ఒకటి అడుగుతాను. మీలో డ్యాము పనికో, కాలువ పనికో, బిల్డింగ్ పనికో వలస పోయి వచ్చినవాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. చూడండి పిల్లలూ, వెనక్కి తిరిగి చూడండి. సగం కన్నా ఎక్కువే లేచాయి. పాలమూరు లేబర్ అనే మాట మనం పెట్టుకున్నది కాదు, దేశంలో ఎక్కడ పెద్ద పని జరిగినా మనవాళ్లు కనపడ్డారు కాబట్టి కాంట్రాక్టర్లు పెట్టిన పేరు. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబర్ 10న పునాది రాయి వేశారు, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. 124 మీటర్ల ఎత్తు, రాతికట్టుతో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే ఎత్తైనదని చెప్తారు. ఆ రాళ్లన్నీ మనుషులు మోసినవే, మనుషులు పేర్చినవే. మా తాత అక్కడ పని చేశాడు. మా నాయిన సెంట్రింగ్ మేస్త్రీ, అంటే కాంక్రీట్ పోయడానికి కింద పలకలు కొట్టి నిలబెట్టే మనిషి. నేను సివిల్ ఇంజనీరుని, 20 ఏళ్లు దాటింది సైట్ల మీదకు వచ్చి. మూడు తరాలుగా మా ఇంట్లో ఇదే పని, కాకపోతే మూడు తరాలూ సైటులోకి ఒకే దారిన పోలేదు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ దారి గురించే.

ఒక సంగతి చెప్తాను. నేను ఎనిమిదో తరగతి అయిపోయిన వేసవి. నాయిన, కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే ఒక గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని హైదరాబాద్‌లో పనికి పోయాడు. సెలవుల్లో నన్ను ఊళ్లో ఒక్కణ్ని వదలలేక అమ్మ నన్నూ వెంట తీసుకుపోయింది. రెండంతస్తుల ఇల్లు, మొదటి అంతస్తు స్లాబుకి సెంట్రింగ్ కొడుతున్నారు. పొద్దున సూపర్‌వైజర్ వచ్చాడు, సిమెంట్ బస్తాల మీద ప్లాన్ కాగితం పరిచాడు, ఇక్కణ్నుంచి ఇక్కడికి అని వేలితో చూపించాడు, మధ్యాహ్నానికి వస్తానని పోయాడు. మళ్లీ నాలుగు రోజులు ఆ మనిషి మొహం కనపడలేదు. నాయిన పలకలు పరిచాడు, జాకీలు బిగించాడు, రసమట్టం పెట్టి ప్రతి మూలా చూసుకున్నాడు, ఎక్కడా నూలుపోగంత తేడా లేదు. పనిలో ఆయనకు వంక పెట్టేవాడు లేడు.

ఆ కాగితం మీద ఒక మూల చిన్న గది ఉంది. దాని నిండా ఏటవాలుగా గీతలు గీసి ఉన్నాయి, పక్కన ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. నేను బస్తాల మీద కూర్చుని కూడబలుక్కుని చదివాను. 'సంక్ 230' అని ఉంది. సంక్ అంటే మునగడం అని ఇంగ్లీషు సార్ చెప్పింది గుర్తుంది, ఓడ మునిగింది అనే వాక్యంతో చెప్పారు. ఇంట్లో మునిగేదేంటో నాకు తట్టలేదు. నాయినకు చెప్పాలని కూడా అనిపించలేదు.

దాని అర్థం ఏంటంటే, బాత్రూమ్ వచ్చే చోట స్లాబుని 230 మిల్లీమీటర్లు, అంటే సుమారు 9 అంగుళాలు, కిందికి దించి పోయాలి. ఆ గుంతలోంచే పైపులు పోతాయి, తర్వాత దాన్ని నింపి పైన టైల్స్ వేస్తారు. మావాళ్లు అంతా చదునుగా పలకలు కొట్టారు, కడ్డీ కట్టేవాళ్లు దాని మీదే కడ్డీ కట్టారు, కాంక్రీట్ పడిపోయింది. ఆ తర్వాత సూపర్‌వైజర్ వచ్చి చూసుకుని నెత్తి కొట్టుకున్నాడు. పగలగొట్టి మళ్లీ పోసిన ఖర్చంతా నాయిన గుంపు లెక్కలోంచి కోశారు. చూపించకుండా పోయిన మనిషి జీతంలో ఒక్క రూపాయి కూడా కోయలేదు. ఆ సీజన్‌లో మేము తీసుకున్న అడ్వాన్స్ తీరలేదు, పండక్కి ఊరికి రాలేదు, నేను తొమ్మిదో తరగతిలో రెండు నెలలు ఆలస్యంగా చేరాను.

ఆ కోత అన్యాయం అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. కానీ ఇన్నేళ్లుగా నన్ను వదలనిది ఇంకొకటి. నాయినకు పని మొత్తం వచ్చు, అక్షరం రాదు. నాకు అక్షరం వచ్చు, పని తెలియదు. ఇద్దరం ఒకే స్లాబు మీద పది అడుగుల దూరంలో ఉన్నాం. బడిలో ఎవరైనా నాకు ఒక్కసారి, ఒకే ఒక్క గంట, ఇంటి ప్లాన్ అంటే ఇలా ఉంటుందిరా, గీతలు గీసిన చోట స్లాబు కిందికి దిగుతుందిరా అని చూపించి ఉంటే ఆ డబ్బు పోయేది కాదు.

అందుకే అంటున్నాను, మన పిల్లలు నిర్మాణ రంగంలోకి పోతారు. మనం వద్దన్నా కొంతమంది పోతారు, పోతూనే ఉన్నారు. వాళ్లు తట్ట పట్టుకుని పోతారా, ప్లాన్ పట్టుకుని పోతారా అన్నది మాత్రం ఈ బడిలో, ఈ రెండు మూడేళ్లలో తేలిపోతుంది.

ఇక్కడ తల్లిదండ్రులతో ఒక మాట. మేము పడ్డ కష్టం మా పిల్లలకొద్దు సార్, వాణ్ని నీడపట్టున కూర్చునే ఉద్యోగంలో చూడాలి అని మీరంటారు. మా అమ్మా అదే అనేది. ఆ మాట తప్పని నేననను. కానీ జరుగుతున్నదేంటి? పదో తరగతి తప్పగానే, లేకపోతే ఇంటర్ మధ్యలో ఆగిపోగానే, పిల్లవాడు ఖాళీగా ఎందుకని బాబాయి వెంట సైటుకు పంపుతున్నాం. అంటే మనకు ఇష్టం లేని పనిలోకే, ఏమీ నేర్పకుండా, అన్నిటికన్నా కింది మెట్టు మీదకు పంపుతున్నాం. అదే పిల్లవాడు పది పాసై, రెండేళ్లో మూడేళ్లో ఈ పనే చదువుకుని పోతే అదే సైటులో వేరే మనిషి. ఇప్పుడు హైదరాబాద్ సైట్లలో చూడండి, బీహార్ నుంచి, ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి, బెంగాల్ నుంచి వచ్చి పని చేస్తున్నారు. ఒట్టి చేతులతో చేసే పనికి ఇంకా దూరం నుంచి, ఇంకా తక్కువ కూలికి వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కొలత తెలిసి, డ్రాయింగ్ చదివి, పదిమందితో పని చేయించగలిగే మనిషి కోసం మాత్రం నేనే నెలల తరబడి వెతుక్కుంటున్నాను. నిజంగా దొరకడం లేదు.

ఇంకో మాట కూడా గట్టిగానే చెప్పాలి. 18 నిండకుండా పిల్లల్ని సైటులో పనికి పెట్టొద్దు. 14 లోపు పిల్లల్ని ఏ పనిలో పెట్టుకున్నా చట్టప్రకారం నేరం, అది అందరికీ తెలుసు. 14 దాటాక ఏం కాదులే అనుకుంటాం. అవుతుంది. స్లాబు అంచున నిలబడ్డప్పుడు పదహారేళ్ల పిల్లవాడికి భయం తెలియదు, అదే ప్రమాదం. తడి సిమెంట్ చర్మాన్ని కాలుస్తుంది, రాయి కోసే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు. పైగా భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం తెచ్చి, కట్టే ఖర్చులో నూటికి రూపాయి చొప్పున సెస్సు వసూలు చేసి సంక్షేమ బోర్డులు పెట్టారు కదా, అందులో పేరు నమోదు కావాలంటే 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండాలి, ఏడాదిలో 90 రోజులు పని చేసి ఉండాలి. 18 లోపు పిల్లవాడికి ఏదైనా జరిగితే ఆ బోర్డు లెక్కలో వాడు లేనే లేడు. పెద్దవాళ్లలో ఆ బోర్డు కార్డు లేనివాళ్లు ఉంటే ఈ మీటింగ్ అయ్యాక నన్ను కలవండి, కాగితాలు ఏం కావాలో చెప్తాను.

సరే, దారులు చెప్తాను. పిల్లలూ, నోటు బుక్కు తీయండి.

పది పాసైతే మొదటిది పాలిటెక్నిక్. సివిల్ ఇంజనీరింగ్‌లో డిప్లొమా మూడేళ్లు. పాలిసెట్ రాయాలి, పది ఫలితాలు రాకముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆఖరి తేదీ దాటిపోయాక ఏడ్చిన పిల్లల్ని నేను చూశాను, కాబట్టి ఆ తేదీ గోడ మీద రాసిపెట్టుకోండి. మన దగ్గర ఆ పరీక్షలో సగం మార్కులు లెక్కలవే. నేను వచ్చింది ఈ దారినే. డిప్లొమా అయ్యాక సైటులో సూపర్‌వైజర్‌గా చేరొచ్చు, ప్రభుత్వంలో ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు పోస్టులకు డిప్లొమా అర్హత, ఇంకా చదవాలనుకుంటే ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరొచ్చు. ఎంపీసీ చదివి ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, రాస్తేనే ఇంజనీరు అవుతారని మన ఊళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. కాదు. డిప్లొమా చేసి వచ్చిన పిల్లవాడికి బీటెక్ పూర్తయ్యేసరికి పనీ తెలుస్తుంది, పుస్తకమూ తెలుస్తుంది. నా కింద పని చేసేవాళ్లలో నేను ఎక్కువ నమ్మేది వాళ్లనే.

రెండోది ఐటిఐ. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఐటిఐ అనగానే చదువు రానివాళ్లకి అని తీసిపారేస్తారు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ అంటే అందరికీ తెలుసు. డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ అని ఒక ట్రేడ్ ఉంది, ఎంతమంది విన్నారు? ఒక్క చెయ్యి కూడా లేవలేదు. రెండేళ్ల కోర్సు. ఇంటి ప్లాన్ గీయడం, కంప్యూటర్ మీద ఆటోక్యాడ్‌లో గీయడం, భూమి సర్వే చేయడం, ఎంత ఇటుక, ఎంత సిమెంట్ పడుతుందో అంచనా వేయడం, ఇవన్నీ అందులో ఉంటాయి. ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కులను బట్టి సీటు ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు గ్రామ సర్వేయర్ ఉద్యోగానికి ఈ ట్రేడ్ చేసినవాళ్లూ అర్హులే. అంటే పదో తరగతి తర్వాత రెండేళ్లు చదివి ప్రభుత్వ ఉద్యోగానికి పోటీ పడ్డవాళ్లున్నారు. ఆ సంగతి వాళ్లకు ఎవరో టైముకి చెప్పారు, అంతే తేడా.

సర్వేయర్ అని వేరే ట్రేడ్ కూడా ఉంది. ప్లంబర్, వెల్డర్, కార్పెంటర్ లాంటివి ఏడాది కోర్సులు. ఐటిఐ అయ్యాక అప్రెంటిస్‌గా చేరితే నేర్చుకుంటూనే స్టైపెండ్ వస్తుంది, దానికి 1961 నుంచే చట్టం ఉంది. అమ్మానాన్నలూ, ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఐటిఐలో చేరితే చదువు అక్కడితో ఆగిపోతుందని భయపడొద్దు. రెండేళ్ల ట్రేడ్ పాసైనవాళ్లు తెలంగాణలో ఎల్‌పిసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. అక్కణ్నుంచి ఈసెట్, అక్కణ్నుంచి బీటెక్. పది తర్వాత ఐటిఐలో అడుగుపెట్టిన పిల్లవాడు ఇంజనీరు దాకా ఎక్కిపోయే మెట్లు ఉన్నాయి, ఎక్కడా తలుపు మూసి లేదు.

ఇంటర్ వొకేషనల్‌లో కన్‌స్ట్రక్షన్ టెక్నాలజీ అని ఉంది, దగ్గర్లో ఏ కాలేజీలో ఉందో మీ సార్లు కనుక్కుని చెప్తారు.

ఇక పది తప్పినవాళ్లు, మధ్యలో బడి మానేసి ఇప్పటికే సైట్ల మీదున్న అన్నలు, అక్కలు. వాళ్లను వదిలేసి మాట్లాడితే ఈ మీటింగ్‌కి అర్థం లేదు. హైదరాబాద్‌లో హైటెక్స్ దగ్గర న్యాక్ ఉంది, నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, 1998లో పెట్టారు. తాపీ పని, కడ్డీ పని, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ వైరింగ్, ల్యాండ్ సర్వే లాంటివి కొన్ని నెలల్లో నేర్పుతారు. పెద్ద నిర్మాణ కంపెనీలు కొన్ని సొంతంగా శిక్షణ కేంద్రాలు నడుపుతున్నాయి, ఎల్ అండ్ టి వాళ్లకు అలాంటివి ఉన్నాయి. పని ఇప్పటికే వచ్చినవాళ్లకు వచ్చిన పనినే పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. తాపీ మేస్త్రీలకు, వడ్రంగులకు 2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. మీ మేస్త్రీలకు చెప్పండి. అయితే ఓపెన్ స్కూల్లో పది కట్టి పాసవ్వడం మాత్రం ఎవరూ మానొద్దు.

ఎందుకో చెప్తాను. మన పక్క నుంచి, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి ఇంకా ఎక్కువగా, గల్ఫ్‌కి పోతారు కదా. పది పాసైన మనిషికి ఈసీఎన్‌ఆర్, అంటే ముందస్తు క్లియరెన్స్ అక్కర్లేని పాస్‌పోర్టు వస్తుంది. పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని పడుతుంది, గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వం దగ్గర ముందు క్లియరెన్స్ తీసుకోవాలి. ఆ క్లియరెన్స్ కార్మికుడి రక్షణ కోసమే పెట్టింది, దాన్ని తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద పోయి చిక్కుకున్నవాళ్లు మీ బంధువుల్లోనే ఉంటారు. పోయేవాళ్లు లైసెన్సు ఉన్న ఏజెంటేనా అని చూసుకోండి, విదేశాల్లో పనికి పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, అక్కడ అడగండి. అక్కడి సైటులో హెల్పర్ వేరు, కడ్డీ కట్టే స్టీల్ ఫిక్సర్ వేరు, సెంట్రింగ్ చేసే షట్టరింగ్ కార్పెంటర్ వేరు, ఒక్కొక్కరికి ఒక్కో జీతం. మన దగ్గర పదేళ్లు సెంట్రింగ్ చేసిన మనిషి చేతిలో కాగితం లేక, డ్రాయింగ్ చదవడం రాక, హెల్పర్‌గా పోయి నాలుగేళ్లు సిమెంట్ మోసి వచ్చిన సంగతి మా ఇంట్లోనే జరిగింది. మా చిన్నాయన.

ఇప్పుడు టీచర్లతో మాట్లాడాలి. సార్, మేడమ్, మిమ్మల్ని కొత్త సబ్జెక్టు చెప్పమని అడగడం లేదు. ఉన్న సబ్జెక్టులోనే ఉంది అంతా. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు బ్యాగులు లేని 10 రోజులు పెట్టి, ఊళ్లో ఉన్న వడ్రంగి దగ్గర, కుమ్మరి దగ్గర, ఇలా పని తెలిసినవాళ్ల దగ్గరికి పంపాలని రాశారు. ఆ 10 రోజుల్లో ఒక్క రోజు తాపీ మేస్త్రీకి ఇవ్వండి. ఈ పిల్లల నాయినలే ఉన్నారు, ఎవరినో వెతకక్కర్లేదు. తన నాయిన బడికి వచ్చి నలభై మందికి పాఠం చెప్తుంటే ఆ పిల్లవాడు ఎలా కూర్చుంటాడో ఒకసారి చూడండి.

లెక్కల సార్‌కి ఒకటి. మేస్త్రీ కొత్త ఇంటి పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూల సరిగ్గా 90 డిగ్రీలు ఎలా తెస్తాడో చూశారా? మూల నుంచి దారం మీద ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు కొలిచి గుర్తు పెడతాడు. ఆ రెండు గుర్తుల మధ్య 5 అడుగులు వస్తే మూల సరిపోయినట్టు. ఇల్లు పెద్దదైతే 6, 8, 10 పెడతాడు, ఎంత పెద్దగా కొలిస్తే తప్పు అంత తగ్గుతుంది. అదే కదా పైథాగరస్. తొమ్మిది, పదహారు, ఇరవై ఐదు. బోర్డు మీద ఆ సిద్ధాంతం రాక పరీక్ష తప్పిన పిల్లవాడి నాయిన రోజూ దాన్నే వాడుతుంటాడు, ఇద్దరికీ ఆ సంగతి తెలియదు.

ఇంకోటి, ఇది నాకు చాలా ఇష్టం. 12 ఎంఎం కడ్డీ ఒక మీటరు బరువు ఎంత? సైటులో ఒక సూత్రం ఉంది, వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగించాలి. 12 పన్నెండ్లు 144. 162తో భాగిస్తే 0.888 కిలో. కడ్డీ పొడవు మామూలుగా 12 మీటర్లు, అంటే ఒక్కో కడ్డీ 10.66 కిలోలు. 100 కడ్డీలు దిగితే 1,066 కిలోలు ఉండాలి. లారీ దిగుతున్నప్పుడు ఈ ఒక్క లెక్క తెలిసిన పిల్లవాడు యజమానికి ఎంత మిగులుస్తాడో ఆలోచించండి. మరి ఆ 162 ఎక్కణ్నుంచి వచ్చింది? ఇనుము ఒక ఘనపు మీటరు 7,850 కిలోలు. కడ్డీ అంటే స్థూపం, దాని ఘనపరిమాణం మీరు పదో తరగతిలో చేస్తారు. మిల్లీమీటర్లను మీటర్లలోకి మార్చి చేసి చూడండి, 162 దానంతట అదే వస్తుంది. నేను సైటులో చేరిన మూడేళ్ల దాకా ఆ అంకెను బట్టీ పట్టే వాడాను. ఒక రాత్రి కూర్చుని చేసి చూసుకున్నప్పుడు, ఇది నేను పదిలోనే చదివాను కదా అని కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

సైన్సు మేడమ్, సిమెంట్ ఎండి గట్టిపడదు. నీళ్లతో రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది. అందుకే స్లాబు పోశాక కనీసం వారం రోజులు నీళ్లు నిలబెట్టి క్యూరింగ్ చేయాలి, అందుకే కాంక్రీట్ బలాన్ని 28 రోజులకు 15 సెంటీమీటర్ల దిమ్మె నొక్కి పరీక్షిస్తాం. ఊళ్లో చాలామంది నీళ్లు పోయడం ఒక ఆచారంలాగా చేస్తారు, మూడో రోజుకే మానేస్తారు. రెండు చిన్న దిమ్మెలు పోయించండి. ఒకటి తడిలో ఉంచండి, ఒకటి ఎండలో పడేయండి. నెల తర్వాత పిల్లల చేతే సుత్తితో కొట్టించండి. వాళ్లే చెప్తారు మీకు.

డ్రాయింగ్ సార్ ఉంటే ఆయనకు, లేకపోతే ఎవరికి వీలైతే వాళ్లకు. ఈ తరగతి గదినే టేపుతో కొలిపించి, అడుగుకు ఒక సెంటీమీటరు చొప్పున కాగితం మీద గీయించండి. తలుపు ఎటు తెరుచుకుంటుందో చూపించే ఆ పావు వృత్తం, కిటికీకి గీసే సన్న గీతలు, గోడ మందం. ప్లాన్ అంటే ఇంటిని కిటికీ ఎత్తులో అడ్డంగా కోసి, పై భాగం తీసేసి, మీద నుంచి చూసినట్టు. ఈ ఒక్క ముక్క పిల్లల మనసుకి ఎక్కితే మిగతాదంతా వాళ్లే చదువుకుంటారు. గోడలు అడుగుల్లో మాట్లాడతాం, డ్రాయింగులు మిల్లీమీటర్లలో వస్తాయి, ఆ మార్పిడి నోటికి రావాలి. 230 అనగానే 9 అంగుళాలు అని తెలియాలి.

ఆడపిల్లల తల్లులు వెనక కూర్చున్నారు, మీతో చెప్పకపోతే ఎలా. మా అమ్మ 20 ఏళ్లు సైట్లలో ఇటుక మోసింది, మాలు కలిపింది. ఒక్కరోజు కూడా ఆమె చేతికి తాపీ ఇవ్వలేదు ఎవరూ. సైటులో ఆడవాళ్లు చాలామందే ఉంటారు, మేస్త్రీలలో మాత్రం వెతికినా కనపడరు. జార్ఖండ్‌లో మరుగుదొడ్లు కట్టే కార్యక్రమంలో ఆడవాళ్లకు తాపీ పని నేర్పారు, అక్కడ వాళ్లను రాణీ మిస్త్రీలు అంటారు. నేర్పితే వచ్చింది కదా. మీ అమ్మాయికి లెక్కలు బాగా వస్తుంటే డిప్లొమా సివిల్‌కో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్‌కో పంపండి. డిజైన్ ఆఫీసులో, సర్వే పనిలో, క్వాలిటీ ల్యాబులో నాకు కనపడుతున్న అమ్మాయిలు చాలా శ్రద్ధగా చేస్తున్నారు. సైటు మీద బాత్రూమ్ కూడా ఉండదు సార్, ఎలా పంపాలి అని అడుగుతారు. ఆ ప్రశ్న సరైనదే. అది పెట్టాల్సింది మా లాంటివాళ్లం. నా సైటులో పని మొదలయ్యే రోజే అది కడతాం, పునాది కన్నా ముందు. మీరు కూడా ఎక్కడికి పంపినా అది ఉందా అని అడిగే పంపండి.

వలస పోయే ఇళ్లవాళ్లకు చివరిగా ఒక విన్నపం. ఈ ఏడాది పదో తరగతిలో ఉన్న పిల్లల్ని వెంట తీసుకుపోకండి. అవ్వ దగ్గర ఉంచండి, హాస్టల్లో ఉంచండి, సార్లతో మాట్లాడండి. తొమ్మిదిలో రెండు నెలలు పోగొట్టుకుని దాన్ని పూడ్చుకోవడానికి నేను ఎంత టెన్షన్ పడ్డానో నాకు తెలుసు. ఆ ఏడాది మా లెక్కల సార్ సాయంత్రాలు ఆగి చెప్పకపోతే నేను ఇవాళ ఈ మైకు ముందు ఉండేవాణ్ని కాదు.

ఇంక చాలు, ఎండ తగ్గింది. పిల్లలూ, నేను రెండు వస్తువులు తెచ్చాను. ఒకటి ఈ దారం, మేకులు, టేపు. గ్రౌండులో మీరే 6, 8, 10 కొలిచి ఒక గదికి ముగ్గు పోయాలి, మీ నాయినలు పక్కన నిలబడి చూస్తారు, చెయ్యి పెట్టరు. రెండోది ఈ కాగితం. ఇది నిజంగా కడుతున్న ఇంటి స్లాబు డ్రాయింగ్, పది కాపీలు తీయించాను, నలుగురికి ఒకటి తీసుకోండి. ఇందులో గీతలు గీసిన చిన్న గది ఒకటి ఉంది, పక్కన ఒక మాట, ఒక అంకె ఉన్నాయి. అది ఎక్కడుందో వెతికి, అక్కడ స్లాబు ఎన్ని అంగుళాలు దిగాలో మీ నాయినకు మీరు చెప్పండి. రండి, ముందు వరుసలో ఉన్నవాళ్లు ఈ మేకులు పట్టుకోండి.